పూడ్చేసిన కన్నం

దొంగలు పడ్డ ఇంటికి పోలీసు వెళ్ళేది దొంగను పట్టుకోవడానికి. ఇన్సూరెన్సు ఇన్‌స్పెక్టరు వెళ్ళేది ఇంటివాడే దొంగేమో చూడడానికి. వినడానికి బాగుండదు కానీ, ఇరవై ఆరేళ్ళు కడప, కర్నూలు జిల్లాల్లో నేను చేసిన పని ఇదే. మద్రాసులోని కంపెనీ నాకు జీతమిచ్చి, కోటు కుట్టించుకోమని చెప్పి, మనుషులను అనుమానించి రమ్మని పంపింది. ఆ పని బాగానే చేశాను. ఒకసారి మరీ బాగా చేశాను. ఆ ఒక్కసారి గురించి చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

కొత్తగా ఈ పనిలో చేరేవాళ్ళకు ఫారాలు నింపడం ఆఫీసులోనే నేర్పుతారు. ఏ గడిలో ఏం రాయాలో చెప్పేవాళ్ళకు కొదవ లేదు. నేను చెప్పేది ఆ గడుల్లో పట్టని సంగతి.

తిన్నె దాకా

మా అమ్మానాన్నలు జమ్మలమడుగు పక్కన కూలి చేసుకుని బతికిన క్రైస్తవులు. నేను మిషన్ బడిలో చదువుకున్నాను. నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చాయి కాబట్టి కంపెనీలో ఉద్యోగం దొరికింది. కోటు వేసుకుని జట్కా దిగితే ఊళ్ళో అందరూ లేచి నిలబడేవారు. ఎవరి కొడుకునో తెలిశాక మాత్రం చాలా ఇళ్ళల్లో నాకు వీధి తిన్నె దగ్గరే చాప వేసేవారు. మజ్జిగ ఇచ్చేవారు, మర్యాదగా మాట్లాడేవారు, గడప లోపలికి మాత్రం పిలిచేవారు కాదు. నేనూ అడిగేవాణ్ణి కాదు. అడిగి కాదనిపించుకోవడం కంటే అడగకపోవడమే మర్యాద అనుకునేవాణ్ణి. ఇప్పుడనిపిస్తుంది, అందులో మర్యాద కంటే రోషం పాలు ఎక్కువని. ఇంట్లోకి వెళ్ళకుండా ఇంటి దొంగతనాన్ని విచారించే ఇన్‌స్పెక్టరును నేనొక్కణ్ణే అయివుంటాను.

నాకు పని నేర్పిన పెద్ద ఇన్‌స్పెక్టరు గారు కంచుగొంతు మనిషి. ‘తక్కువ అడుగు, ఎక్కువ చూడు’ అనేవారు. ఆ మాట నాకు తెగ నచ్చింది. అడగకుండా ఉండడానికి నాకు అప్పటికే కారణం ఉంది కదా!

ఆయన మాట కొన్నిసార్లు బాగా పనికొచ్చింది. ఆదోనిలో ఒక పత్తి వ్యాపారి తన ఇంట్లో పోయిన సామానంతా ఊపిరి తీసుకోకుండా చెప్పాడు. వెండి చెంబులు, పట్టు పంచెలు, గడియారం, గొలుసు, మా ఫారంలో ఏ వరుసలో ఉన్నాయో ఆ వరుసలోనే. అదే నెల కర్నూలులో ఒక ముసలావిడ ఇంట్లో నిజంగానే దొంగలు పడ్డారు. ఏం పోయిందమ్మా అంటే ఆవిడకు తెలియదు. మర్నాడు ఉప్పు వేయబోతే గరిటె లేదు. ఆ తర్వాత స్నానానికి పోతే రాగి చెంబు లేదు. మూడు రోజులు నా బస దగ్గరకు వచ్చి, ‘ఇంగోటి గుర్తొచ్చె నాయనా’ అంటూ ఒక్కొక్కటే చెప్పింది. నిజంగా పోగొట్టుకున్నవాళ్ళకు ఏం పోయిందో ఒక్కసారిగా తెలియదు. చెయ్యి అలవాటుగా చాచినచోట వస్తువు లేనప్పుడే తెలుస్తుంది. ఆదోని పెద్దమనిషి గడియారం వాళ్ళ బావమరిది ఇంట్లో దొరికింది.

ఇలాంటివి రెండు మూడు పట్టుకున్నాక నాకు గర్వం తలకెక్కింది.

గాజుల గీతలు

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులు. నూలు దొరకడమే గగనంగా ఉండేది. పెన్న ఒడ్డున ఒక నేతపల్లెలో పుల్లన్న అనే ఆయన ఇంట్లో మూడు మగ్గాలుండేవి. ఒకదాని మీద తనే నేసేవాడు. రెండింటి మీద తమ్ముడి వరస వాళ్ళు నేసేవారు. భార్య లక్ష్మమ్మ మగ్గానికి కావలసిన నూలు కండెలు చుట్టేది. వాళ్ళకు పిల్లల్లేరు. నూలు, జరీ అంతా ప్రొద్దుటూరు షావుకారు ఇచ్చేది. అంత సరుకు మట్టి మిద్దెలో పెట్టుకుంటున్నారు కాబట్టి షావుకారే పట్టుబట్టి పుల్లన్న పేర పాలసీ తీయించాడు. లేకపోతే నేతగాళ్ళ ఇళ్ళకు ఆ రోజుల్లో ఇన్సూరెన్సెక్కడిది?

ఒకరోజు తెల్లవారి లేచి చూస్తే సామానుగది వెనక గోడకు కన్నం ఉంది. నేసి పెట్టిన చీరలు, జరీ, నూలు చుట్టలు పోయాయి. పోలీసు స్టేషను ఆరు కోసుల దూరం. కానిస్టేబులు మర్నాడు వచ్చాడు. నేను వెళ్ళేసరికి అయిదో రోజు.

మా పాలసీలో ఒక షరతు ఉంది. దొంగ బలవంతంగా ఇంట్లో చొరబడ్డ గుర్తు కళ్ళకు కనబడాలి. పగిలిన తాళమో, విరిగిన తలుపో, గోడలో కన్నమో. అది లేకపోతే దొంగతనం జరిగినా జరగనట్టే. నేను వెనక సందులోకి వెళ్ళి చూస్తే కన్నం లేదు. గోడ చక్కగా మెత్తి ఉంది. పేడతో అలికి ఉంది. దాని కింద చిన్న ముగ్గు కూడా ఉంది.

“కన్నం యాడప్పా?” అన్నాను.

పుల్లన్న నా మోచెయ్యి దగ్గర కోటు అంచు పట్టుకుని, ఇంటికి దూరంగా, సందు చివరిదాకా నడిపించాడు. గొంతు తగ్గించి, “పూడ్చినాం సామీ. నేనే పూడ్చినా” అన్నాడు.

“నువ్వేనా?”

“నేనే. మట్టి కలుపుకొని, తాపీతో మెత్తినా. ఇంట్లో వాళ్ళకేం తెలీదు.”

నేను మళ్ళీ గోడ దగ్గరకు వెళ్ళి వంగి చూశాను. తాపీ ఆనవాలు ఎక్కడా లేదు. అంతా చేతివేళ్ళ వాలు. కుడి నుంచి ఎడమకు తిరిగిన ప్రతి వేళ్ళ వరుస పక్కనా సన్నగా నాలుగైదు గీతలు, ఒకదాని వెంట ఒకటి. గాజులు ఆనిన గీతలు. ఆరిన పేడ మీద అచ్చు పోసినట్టు కనబడుతున్నాయి. ఆయన చేతికి గాజులు లేవని చూడడానికి ఇన్‌స్పెక్టరు అక్కర్లేదు.

నాకు లోపల గంతులు వేయాలనిపించింది. దొంగ దొరికాడనుకున్నాను. కన్నమే పడని గోడకు కొత్త పూత పూసి కథ కట్టారు. ఎవరు పూశారో కూడా నిజం చెప్పలేదు. ఇంటికి దూరంగా ఎందుకు తీసుకెళ్ళాడు? గొంతు ఎందుకు తగ్గించాడు? అన్నీ సరిపోయాయి.

ఇరుగుపొరుగు నలుగురు వచ్చి, “మేం సూసినాం సామీ, ఇంత కన్నం” అని చేతులు చాచి చూపించారు. వీధంతా వాళ్ళ బంధువులే, అందరిదీ ఒకే పాట అనుకున్నాను. లక్ష్మమ్మ మజ్జిగ చెంబు తెచ్చి తిన్నె మీద పెట్టి, తల వంచుకుని లోపలికి వెళ్ళిపోయింది. సన్నటి మనిషి, నూలు పట్టీ పట్టీ వేళ్ళు కాయలు కాచాయి. ఆమెను నేనొక్క మాట అడగలేదు. మజ్జిగ మాత్రం తాగాను.

పాలసీదారు అబద్ధం చెప్పాడనీ, క్లెయిము ఇవ్వనక్కర్లేదనీ రిపోర్టు రాశాను. మద్రాసు మేనేజరు మెచ్చుకుంటూ ఉత్తరం రాశాడు. కాదంటూ పుల్లన్నకు ఒక ఉత్తరం, షావుకారుకు ఒక నకలు వెళ్ళాయి.

సంగటి ముద్ద

మా ఇంటావిడ సలోమి బడి మొహం చూడలేదు. నా ఉద్యోగం గురించి ఎప్పుడూ అడిగేది కాదు. ఒకనాడు మధ్యాహ్నం భోంచేస్తూ, మేనేజరు మెచ్చుకున్న సంతోషంలో నేనే ఈ కథంతా చెప్పాను. గాజుల గీతల దగ్గరికి వచ్చేసరికి కొంచెం ఆగి, ఆమె ముఖం చూశాను, శభాష్ అంటుందేమోనని.

ఆమె చేతిలో సంగటి ముద్ద అలాగే ఉండిపోయింది.

“కన్నం పడిన గోడను ఎవురన్నా అట్లే ఇడిసిపెడతారా?” అంది. “దీపాలు పెట్టే యాళకు పూడ్చేయల్ల. లేకుంటే ఆ ఇంట్లో దీపమెట్ల పెడతారు? మా పల్లెలో చర్చికి పొయ్యే మేము గూడా అట్ల ఇడవము. ఆ యమ్మ పొద్దున్నే పూడ్చింటాది.”

“సరే, ఆమే పూడ్చింది. మరి వాడు నేనే పూడ్చినా అని ఎందుకు అబద్ధం చెప్పాల?”

సలోమి నన్ను జాలిగా చూసింది. పిల్లలు ఎక్కాలు తప్పు చెప్పినప్పుడు చూసే చూపు.

“గోడ పూసినందుకే దుడ్లు రావని ఆ యప్పకు తెలిసింటాది. పెండ్లాం మింద మాట పడకుండా ఆయన మింద ఏసుకున్నాడు. నువ్వు దాన్ని దొంగతనమని రాసినావు.”

“నీకెట్ల తెలుసు? చూసొచ్చినావా?”

“సూసొచ్చినోనివి నువ్వు గదా. గోడ పూసింది ఆమె అని కనిపెడితివి. ఆమెను ఒగ మాట అడిగితివా?” అని ముద్ద నా కంచంలో వేసి, “నువ్వయితే నా పేరు చెప్పేసుందువు లే” అంది.

నవ్వుతూనే అంది. ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఎందుకంటే నిజం. నేనైతే చెప్పేసేవాణ్ణి.

తర్వాత రెండు రోజులు ఆ ఊరి బంధువులెవరైనా కనబడతారేమోనని సంతలో తిరిగాను. ఒకాయన చెప్పాడు, షావుకారు నూలు ఆపేశాడని, కంపెనీయే దొంగ అన్నాక వేరే షావుకారు కూడా ఇవ్వడం లేదని. మూడు మగ్గాలూ నిలిచిపోయాయి. పుల్లన్న షోలాపూరు మిల్లుకు పోతానంటున్నాడు. యాభై దాటిన మనిషి, మగ్గం గుంతలో తప్ప మరెక్కడా పని చెయ్యని మనిషి.

మేనేజరుకు ఉత్తరం రాయడానికి నాకు వారం పట్టింది. నాలుగు సార్లు చింపేశాను. నా రిపోర్టు తప్పు కావచ్చు, గోడ విప్పి చూడడానికి అనుమతి ఇవ్వండి అని రాయడం ఆ వయసులో, ఆ గర్వంతో, పన్ను పీకించుకున్నట్టే ఉంది. జవాబు మూడు వాక్యాల్లో వచ్చింది. గోడ విప్పండి, దాని వెనక కన్నం లేకపోతే రిపోర్టుతో పాటు మీ రాజీనామా కూడా పంపండి, మీ మొదటి రిపోర్టు చాలా బాగుంది. మూడో వాక్యం ఆయన వెక్కిరించడానికి రాశాడో, విచారంతో రాశాడో ఇప్పటికీ తెలియదు. ఆయనను నేను తిట్టుకోను. మద్రాసులో కూర్చున్నవాడు మన కళ్ళతో చూస్తాడు. మన కళ్ళు మసకగా ఉంటే అది ఆయన తప్పు కాదు.

గోడ

పెట్రోలు కరువులో బొగ్గుతో నడిచే బస్సు దిగి వాళ్ళ వీధిలోకి వెళ్ళేసరికి పొద్దు బాగా ఎక్కింది. పుల్లన్న ఇంట్లోంచి మగ్గం చప్పుడు లేదు. ఆయన తిన్నె మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు.

“మళ్ళా యాల వచ్చినారు సామీ?” అన్నాడు. కోపం లేదు, అలసట ఉంది.

“గోడ విప్పి చూడాలి పుల్లన్నా.”

ఆయన ఒకసారి ఇంట్లోకి చూసి, మళ్ళీ నన్ను సందు చివరికి తీసుకెళ్ళాడు. “ఇప్పుకోండి సామీ. అయితే పూసింది నేనే అని రాసుకోండి. ఆ మాట మార్సొద్దు.”

“గాజులు తొడుక్కొని పూసినావా అప్పా?”

ఆయన నా ముఖంలోకి చూసి, అక్కడే నేల మీద చతికిలబడ్డాడు. తలగుడ్డ తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. నేనూ కోటుతోనే పక్కన కూర్చున్నాను.

“ఆ పొద్దు ఆమె పూడుస్తాంటే నీళ్ళు తెచ్చిచ్చింది నేనే సామీ. పోలీసాయన వచ్చి, గోడ యాల పూసినారు, కంపెనీ ఒగ రాగి పైసా ఇయ్యదు అని అరిసె. అప్పుడు తెలిసె నాకు. పెండ్లయి వచ్చినప్పట్నుంచి ఆమె చుట్టిన కండెల మిందనే ఈ ఇల్లు నడిసె. పిల్లోల్లు లేరు, ఆ మగ్గాలే ఆమెకు పిల్లోల్లు. ఆమె చేత్తోనే అవి నిలిచిపాయ అని తెలిస్తే అన్నం ముట్టదు. షోలాపూరుకైనా పోతా గానీ ఆమెకు ఈ మాట తెలియగూడదు.”

నేను పట్టుకున్నానని మురిసిపోయిన దొంగ ఇతనే. తప్పు నాదేనని అప్పుడే అక్కడే చెప్పాను. ఆయనకు ఆ మాట అవసరం లేదు. నాకు అవసరం.

గడ్డపార తెచ్చాం. పైనున్న పేడపూత ఊడగానే లోపలి మట్టి బెడ్డలు బెడ్డలుగా రాలింది. పాత గోడలో వరిగడ్డి కలిపి తొక్కిన మట్టి రాయిలా ఉంటుంది. ఈ మట్టిలో గడ్డి లేదు, నాపరాతి ముక్కలూ తుమ్మ ముళ్ళూ కుక్కి ఉన్నాయి, దొంగ మళ్ళీ చెయ్యి పెడితే గుచ్చుకోవాలని కాబోలు. అవి లాగేశాక మనిషి భుజాలు పట్టే కన్నం బయటపడింది. బయట వెడల్పు, లోపలికి పోయేకొద్దీ ఇరుకు. పాత మట్టిలో గునపం గాట్లు బయట నుంచి లోపలికి వాలి ఉన్నాయి. ఇంటివాడు లోపల కూర్చుని తవ్వితే అలా రాదు.

లోపలి మూతి కూడా చూడాలి. సామానుగదికి పోవాలంటే వాళ్ళు దీపం పెట్టే గూడు దాటాలి. నేను గడప దగ్గర ఆగిపోయాను. పుల్లన్న కూడా ఇబ్బందిగా నిలబడ్డాడు. అప్పుడు లోపలి నుంచి లక్ష్మమ్మ గొంతు వినబడింది.

“కన్నం ఏసినోడు అడక్కుండానే వచ్చె. కష్టం సూసేకి వచ్చిన ఆయన వాకిట్లో నిలబడల్లనా? లోపలికి రాండి నాయనా.”

చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాను. ఆ గడప దాటినప్పుడు నా గుండె ఎలా కొట్టుకుందో రాయడానికి నాకిప్పుడు సిగ్గు లేదు. నలభై రెండేళ్ళ మనిషిని, కోటు వేసుకున్నవాణ్ణి, ఒక్కో అడుగూ చూసుకుని పెట్టాను.

లోపలి మూతి కొలిచాను, బొమ్మ గీసుకున్నాను, ఊరి మునసబుతో సంతకం పెట్టించాను. అంతా అయ్యాక పుల్లన్న మట్టి తడపడానికి నీళ్ళ కోసం బావికి వెళ్ళాడు. లక్ష్మమ్మ పేడ తట్ట పట్టుకుని కన్నం పక్కన నిలబడి ఉంది.

“ఇప్పుడు పూడ్సొచ్చా సామీ? మళ్ళా ఏమీ చూడరు గదా?” అంది.

“పూడ్చమ్మా. ఇంకేం చూడం.”

ఆమె సందు చివరిదాకా చూసి, ఆయన కనబడటం లేదని నిశ్చయం చేసుకుంది.

“ఒగ మాట సామీ. నేను పూడ్చినందుకే కంపెనీ కాదన్నాదని నాకు తెలుసు. పోలీసాయన అరిసినప్పుడు తలుపు ఎనకాలనే ఉంటి. ఆ యప్ప నాకు తెలీదనుకుంటాండాడు. అట్లే అనుకోనీండి. నాకు తెలుసని తెలిస్తే ఆయన ఓర్సుకోలేడు.”

“ఇన్ని దినాలు నీలోనే పెట్టుకున్నావా తల్లీ?”

“ఆయన పెట్టుకోలేదా?” అంది. ఆమె కళ్ళు నిండాయి, నవ్వింది కూడా. తర్వాత వంగి, ముళ్ళు ఏరి పక్కన పెట్టుకుని, మొదటి గుప్పెడు మట్టి తీసుకుంది.

క్లెయిము వచ్చింది. నేను పోగొట్టిన రెండు నెలలు మాత్రం రాలేదు, వాటికి ఏ పాలసీ లేదు. ప్రొద్దుటూరు షావుకారు దగ్గరకు నేనే వెళ్ళి, తప్పు నాదని చెప్పి, నూలు ఇప్పించాను. అతను నన్ను తిట్టాడు. పడ్డాను. ‘కన్నం ఎవరు పూడ్చారు’ అన్న ప్రశ్నకు రెండో రిపోర్టులో ‘ఇంటివారు’ అని రాశాను. మేనేజరు ఎవరని అడగలేదు. మొదట్లోనే కానిస్టేబులు గానీ నేను గానీ ఆ ప్రశ్న అడగకుండా ఉండివుంటే ఎంత బాగుండేదో అనిపించింది. నేను అడగాల్సినచోట అడగక, అడగకూడనిచోట అడిగాను.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. మనుషులు అబద్ధాలు ఆడతారు, నిజమే. పట్టుకోండి, అది మీ పని. కానీ పట్టుకున్న అబద్ధం ఎవరి కోసం ఆడిందో తెలుసుకోకుండా కలం మూయకండి.

గోడ విప్పిన ఆ రోజు పుల్లన్న నన్ను బస్సు దాకా సాగనంపాడు. పెన్న ఎండి ఇసుక తెల్లగా మెరుస్తోంది. బస్సు కనబడ్డాక, అడగడానికి భయపడే పిల్లవాడిలా అడిగాడు.

“ఆమెకేం తెలీలేదు గదా సామీ?”

“ఏమీ తెలీలేదప్పా” అన్నాను.

పుల్లన్న నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. బస్సు కదిలేదాకా వదల్లేదు.